బీరు తాగని మిషన్

బసీలియా చుకీమియాకి సలహాలంటే ఒళ్ళుమంట. కొండల మీది ఎల్ ఆల్తో ఊళ్ళో వెల్డింగు చేసుకుని బతికే ఆడది కాబట్టి ఆమెకు సలహా ఇవ్వని మనిషంటూ ఆ చుట్టుపక్కల లేడు. మాస్కు ఇలా కాదు అలా పెట్టుకోమనేవాడు ఒకడు, ఆ కుచ్చెళ్ళ లంగాకి నిప్పంటుకుంటుందని భయపెట్టేది ఒకతె. వీళ్ళందరికీ కలిపి ఆమె దగ్గర ఒకటే జవాబు తయారుగా ఉండేది. "అలాగా? అయితే ఇదిగో రాడ్డు, నువ్వే చెయ్యి." దాంతో ఎంతటివాడైనా నవ్వుతూ రెండడుగులు వెనక్కి వేసేవాడు. అలాంటి మనిషికి నలభై నాలుగో ఏట కొత్త వెల్డింగు మిషన్ కొనాల్సిన అవసరం వచ్చిపడింది. ఇక సలహాలకు కొదవా?

అప్పటిదాకా వాడిన పాత మిషన్ ఆమెది కాదు, మాస్టారిది. దోన్ అనాక్లెతో లారుతా తన రోజుల్లో రాగి తీగ తెచ్చి, స్వయంగా చుట్టి, ఇనప పెట్టెలో బిగించి, కింద నాలుగు చక్రాలు తగిలించాడు. ఎనభై కిలోల బరువు. గురువారం, ఆదివారం జరిగే పెద్ద సంతకి దాన్ని ఇద్దరూ కలిసి తోసుకెళ్ళేవారు. ఆయన ముందు లాగేవాడు, ఆమె వెనక నెట్టేది. సంతలో ఇనప చట్రాలు విరగని వారం ఉండదు. గుడారం కాలు వంగుతుంది, బల్ల కాలు ఊడుతుంది, తలుపు కీలు విరుగుతుంది. అక్కడికక్కడే అతికి ఇవ్వాలి. "షాపుకి పట్టుకురండి" అంటే ఎవరూ రారు, పక్క సందులోంచి ఇంకో వెల్డరు వచ్చి చేసి పోతాడు.

ఆమె ఈ పనిలోకి వచ్చిన తీరు కూడా విసుగులోంచి పుట్టిందే. ఇరవై రెండేళ్ళప్పుడు మాస్టారి షాపు ఎదురుగా బండి మీద ఊదారంగు మొక్కజొన్న జావ అమ్ముకునేది. ఒక సోమవారం బండి కాలు విరిగింది. వెళ్ళి అడిగితే ఆయన "రేపు రా" అన్నాడు. మర్నాడూ అదే మాట. నాలుగు రేపులు అయ్యాక, ఐదో రోజు ఆయన భోజనానికి లోపలికి వెళ్ళగానే ఈమె రాడ్డు పట్టుకుని తనే మొదలుపెట్టింది. రాడ్డు ఇనుముకి అతుక్కుపోయింది. ఆయన నోట్లో ముద్దతోనే పరిగెత్తుకొచ్చి, "పొడవకే, గీరు! అగ్గిపుల్ల గీసినట్టు గీరు!" అని అరిచాడు. గీరింది. ఆ కాలు వంకరగా అతుక్కుంది, ఇప్పటికీ వంకరగానే ఉంది. ఆ బండి ఇప్పుడు అక్క ఫెలీసా నడుపుతోంది, జావ గిన్నె ఒక పక్కకి జారినప్పుడల్లా చెల్లెల్ని తిట్టుకుంటుంది.

నలభై ఏళ్ళ మెరుపులు చూసి చూసి మాస్టారి కళ్ళు పోయాయి. నిరుటికి వెలుగూ నీడా తప్ప ఇంకేమీ కనబడని స్థితి వచ్చింది. మిషన్‌ని ముందు లాగేవాడు లేకపోయాక ఆమె ఒక్కతే మూడు వారాలు తోసింది. మూడో ఆదివారం వానకి రోడ్డు జారి, ఎనభై కిలోల మిషన్ ఆమె చేతుల్లోంచి తప్పించుకుని, దిగువన ఎండు బంగాళాదుంపల కుప్పలోకి దూసుకుపోయి ఆగింది. ఆమె నడుము పట్టేసింది. వారం రోజులు మంచం మీద పడుకుని ఆలోచించి, వీపు మీద మోసుకెళ్ళగల మిషన్ కావాలని తేల్చుకుంది. అదే సమయానికి సంత సంఘం వాళ్ళు ఒక వరసలోని చట్రాలన్నీ బాగుచేసే పని ఆమెకు ఒప్పజెప్పారు. కార్నివాల్ పండగ దాటిన గురువారం మొదలుపెట్టాలి, రాకపోతే పని ఇంకొకరికి పోతుంది. చేతిలో ఉన్నది చీటీ పాడి తెచ్చుకున్న డబ్బు. దాంతో ఒక్క మిషన్ వస్తుంది. అది పాడైతే రెండోది రాదు.

మొదటి సలహా బావగారిది. రుఫీనో మినీబస్సు నడుపుతాడు, అందువల్ల ఇంజన్ ఉన్న ప్రతి వస్తువు గురించీ, లేని ప్రతి వస్తువు గురించీ అతనికి తెలుసు.

"మూడొందల ఆంపియర్లది కొను మరదలా. పక్క వీధిలో చూశా, పెట్టె మీద ఇంతింత అంకెలు రాసుంది."

"రాసుంటే? పెట్టె మీద వెయ్యి అని కూడా రాస్తారు బావా. సిరా వాళ్ళదే కదా."

"పెద్దది కొంటే చిన్న పని కూడా చేసుకోవచ్చు."

"నేను అతికేది కాగితమంత పల్చటి గొట్టాలు. నాకు అరవై చాలు. ఆ అరవై దగ్గర వణక్కుండా నిలబడాలి, అంతే. మూడొందలు నేనేం చేసుకోను, నీ బస్సుని రెండు ముక్కలు చెయ్యనా?"

రుఫీనో కాసేపు ఆలోచించి, "పోనీ రెండొందల యాభై?" అన్నాడు. ఆమె లేచి పళ్ళేలు కడగడానికి వెళ్ళిపోయింది.

ఇది చాలదన్నట్టు ఫెలీసా ఇంకో తంటా తెచ్చిపెట్టింది. జనవరి ఇరవై నాలుగున బుల్లి వస్తువుల తిరునాళ్ళలో, ఏడాదిలో ఏది కావాలో దాని బొమ్మ కొని మధ్యాహ్నం పన్నెండింటికి దీవెన వేయిస్తారు గదా, ఆమె చెల్లెలి కోసం రేకుతో చేసిన బుల్లి వెల్డింగు మిషన్ కొనుక్కొచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంది, కింద నాలుగు చక్రాలు, పక్కన దారంతో చేసిన కేబుళ్ళు. అచ్చం మాస్టారి మిషనే.

"అక్కా, నాకు కావాల్సింది ఇది కాదే. చేతిసంచీ అంత ఉంటుంది, చక్రాలుండవు."

"వాడి దగ్గర ఇదే ఉంది మరి. దీవెన కూడా పడిపోయింది. ఇప్పుడు వేరేది కొంటే దీని మాటేమిటి?"

"అంటే బొమ్మ ఎలా ఉంటే మిషన్ అలా కొనాలా?"

"నేనేం అన్నాను? దేవుడు అయోమయంలో పడతాడేమో అన్నాను."

దేవుడు పడ్డాడో లేదో తెలియదు గానీ బసీలియా మాత్రం తలపట్టుకుంది.

దుకాణాల్లో ఇంకో వరస. మొదటి షాపువాడు "మీ ఆయన్ని పంపమ్మా, ఆయనకి చూపిస్తా" అన్నాడు. "నాకు ఆయన లేడు, ఉన్నా వాడికి రాడ్డు పట్టుకోవడం వచ్చేది కాదు" అని బయటికొచ్చేసింది. రెండో షాపువాడు తీగ దానంతటదే బయటికొచ్చే రకం చూపించి, గ్యాసు సిలిండరు కూడా పెట్టుకుంటే అతుకు అద్దంలా వస్తుందన్నాడు. ఎల్ ఆల్తో గాలికి నెత్తిమీద టోపీయే నిలవదు, గ్యాసు ఎక్కడ నిలుస్తుంది? పైగా ఆ సిలిండరు ఎవరు మోస్తారు? మూడోవాడు జనరేటరు కలిసి ఉన్నది చూపించాడు. సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్ల పైన మనుషులకే ఊపిరందదు, ఆ ఇంజను సగం ప్రాణంతో దగ్గుతుందని ఆమెకు తెలుసు, వాడికీ తెలుసు. అయినా అమ్మాలని చూశాడు.

నాలుగో షాపతన్ని అందరూ ఇంజినీరు అంటారు. చదివాడో లేదో ఎవరూ అడగలేదు. బసీలియా తన సంచీలోంచి పల్చటి గొట్టం ముక్కా, తను వాడే సన్న రాడ్లూ, సంతలో వాడే ముప్పై మీటర్ల వైరు చుట్టా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవన్నీ ఎందుకమ్మా? మా దగ్గర వైరుంది."

"మీ వైరు మూరెడుంది. సంతలో కరెంటు వచ్చేది ఈ వైరులోంచి, వచ్చేసరికి సగం చస్తుంది. ఆ సగం కరెంటుతో ఏది వెలుగుతుందో అదే కొంటా."

అతను నొసలు చిట్లించాడు గానీ ప్లగ్గు పెట్టాడు. ఇన్వర్టర్ అనే తేలిక రకం వెల్డింగు మిషన్లు వరసగా మూడు పెట్టి చూసింది. మొదటిది మూడు గీతలు గీసి ఆరిపోయింది. రెండోది గొట్టానికి కన్నం పెట్టింది. మూడోది ఐదు కిలోల నీలం రంగు పెట్టె, దాని మీద పెద్ద అంకెలేమీ లేవు. అరవై దగ్గర పెడితే గొణగకుండా, గిర్రుమనకుండా సన్నగా కాలింది. అతుకు సన్నటి జడలా వచ్చింది. ఎంతసేపు ఆపకుండా పనిచేస్తుందని అడిగితే, పది నిమిషాల్లో ఆరు అని కాగితం చూసి చదివాడు. "ఈ ఎత్తులో గాలి పల్చన, నాలుగు అనుకో" అంది. అతను ఈసారి నొసలు చిట్లించలేదు.

"తీసుకోండమ్మా. కానీ ఒక్క మాట." పెట్టె పక్కనున్న కాగితం చూపించాడు. దానిమీద చేత్తో ఇలా రాసుంది: ఈ మిషన్‌కి బీరు తాగించరాదు.

"మీవాళ్ళూ మావాళ్ళూ ఒకటే కదమ్మా. కార్నివాల్ మంగళవారం మిషన్‌కి పూజ చేసి, రంగు కాగితాలు చల్లి, నెత్తిన బీరు గుమ్మరిస్తారు. పాత ట్రాన్స్‌ఫార్మరు రకం ఎంత పోసినా తాగేది, దానికి రాగి తప్ప ఇంకేముంది. దీనిలోపల ఉన్నదంతా ఎలక్ట్రానిక్ బోర్డులు, ఫ్యాను. నిరుడు ఆ బుధవారం నుంచి శనివారం లోపల పదకొండు మిషన్లు వెనక్కొచ్చాయి. అందరూ ఒకటే మాట, వానలో తడిసింది అని. మూత విప్పితే లోపల రంగు కాగితం ముక్కలు! వానలో రంగు కాగితాలు ఎక్కడ కురుస్తాయమ్మా? తడిస్తే గ్యారంటీ లేదు, చెప్పేశాను."

మిషన్‌ని రంగుల దుప్పటిలో చుట్టి, వీపుకి కట్టుకుని, బసీలియా మినీబస్సు ఎక్కింది. పక్క సీటు ఆవిడ వంగి చూసి, "ఎన్నో నెల? పాపా, బాబా?" అంది. "ఇన్వర్టరు" అని చెప్పి కిటికీ వైపు తిరిగింది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. కొత్త మిషన్ వచ్చాక దానికి పెద్దరికం వహించి పూజ చేయడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి మాస్టారు కాక ఇంకెవరు? ఆమె అడగకముందే ఆయన చెప్పేశాడు.

"మంగళవారం నేనొస్తా. నా మిషన్‌కి ప్రతి ఏడూ రెండు సీసాలు. దీనికీ అంతే. తక్కువ చేస్తే భూమితల్లి ఊరుకోదు."

"మాస్టారూ, ఇది మీ మిషన్ లాంటిది కాదు. దీని పక్కన చిల్లులుంటాయి. లోపలికి చుక్క పోతే చచ్చిపోతుంది."

"చుక్క బీరుకి చచ్చేది రాడ్డునేం కాలుస్తుందే? ఏదీ, ఇలా తే." చేత్తో తడిమి చూశాడు. మొహం అదోలా పెట్టాడు. "ఇది మిషనా, టిఫిను డబ్బానా?"

ఆ రోజు నుంచి ఆమె చెప్పని రోజు లేదు. షాపు ముందు ఎండలో ఆయన స్టూలు వేసుకుని కూర్చుంటే, పక్కన రాడ్లు సర్దుతూ చెప్పేది. బోర్డుల గురించి చెప్పింది, ఫ్యాను గాలి లోపలికి ఎలా లాగుతుందో చెప్పింది, పదకొండు మిషన్ల కథ రెండుసార్లు చెప్పింది. ఆయన గడ్డం చేతికర్ర మీద ఆనించి "ఊఁ" అనేవాడు. ఆ తర్వాత, "సీసాలు పెద్దవి తెస్తాలే" అనేవాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. కానీ ఏమంటుంది? ఊరంతా నవ్విన రోజుల్లో ఈ ముసలాయన ఒక్కడే ఆమె చేతికి రాడ్డిచ్చాడు. "మీరు పూజకి రావద్దు" అని ఆయన మొహం మీద చెప్పడానికి ఆమెకు నోరు రాదు. చెప్పకపోతే గురువారం సంతకి మిషన్ ఉండదు. ఫెలీసాతో చెప్పుకుంటే, "పొయ్యనీయవే, బొమ్మకి దీవెన పడింది కదా, ఏం కాదు" అంది.

"బోర్డుకి తెలుస్తుందా అక్కా, బొమ్మకి దీవెన పడిందని?"

మంగళవారం పొద్దున్న ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. కొత్త మిషన్‌ని దుప్పటిలో చుట్టి వెనక గదిలో ఫెలీసా మంచం మీద పెట్టింది. పాత రేకు పనిముట్ల పెట్టెలో బరువు కోసం నాలుగు గుప్పెళ్ళ మేకులు పోసి, చుట్టూ రంగు కాగితపు చుట్టలు తిప్పి, పువ్వులు చల్లి, రెండు కేబుళ్ళు బయటికి వేలాడేసింది. కళ్ళున్నవాడు చూస్తే పది గజాల నుంచే పసిగట్టేస్తాడు. మాస్టారికి కళ్ళు లేవు. ఆ ఆలోచన రాగానే తనమీద తనకే అసహ్యం వేసింది, అయినా కాగితపు చుట్ట ఇంకోటి తిప్పింది. బావకీ అక్కకీ నోరు మెదిపితే చంపుతానని చెప్పింది.

పన్నెండింటికి దోన్ అనాక్లెతో వచ్చాడు. పెళ్ళిళ్ళకి వేసుకునే నల్ల కోటు, టోపీ, ఒక చేతిలో కర్ర, రెండో చేతి సంచీలో రెండు పెద్ద సీసాలు. నిప్పుల మీద ధూపం వేశారు. రుఫీనో వీధిలో టపాకాయల సరం వెలిగించాడు. బసీలియా ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వాకిట్లో రేకు పెట్టె ముందు నిలబెట్టింది.

ఆయన సీసా మూత తీసి, కిందికి వంచాడు. ఒక్క ధార గురి తప్పి పెట్టె మీద పడింది. అంతే, సీసా మళ్ళీ నిలబెట్టేశాడు. తల పక్కకి వంచాడు. కర్ర చివరతో పెట్టెని టంగుమని కొట్టాడు. లోపల మేకులు గలగలమన్నాయి.

"ఇదేంటే?"

"మిషనే మాస్టారూ."

"నలభై ఏళ్ళు రేకుతో కాపురం చేశానే. నాకు డబ్బా చప్పుడు తెలీదా?"

రుఫీనో దగ్గి, వీధిలో ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళాడు. బసీలియా మొహం మండిపోయింది.

"నిన్న ఆ ఇంజినీరు షాపుకెళ్ళొచ్చా" అన్నాడు ఆయన. "రెండు బస్సులు మారి, దారిలో పదిమందిని అడిగి. దీనికి ఎక్కడ పొయ్యొచ్చు, ఎక్కడ పొయ్యకూడదు బాబూ అని అడిగా. దాని ఛాయల్లోనే వద్దు తాతా, నేల మీద పొయ్యి అన్నాడు. వాడికా మాట చెప్పడానికి ఒక్క నిమిషం పట్టింది. నువ్వు నెల రోజుల్నుంచీ అరిచి చెప్తూనే ఉన్నావు. నా కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదే, పిచ్చిదానా."

"మరి రెండు సీసాలెందుకు తెచ్చారు మాస్టారూ?" అంది బసీలియా.

"ఒకటి భూమితల్లికి. ఒకటి నాకు. ఇంత దూరం నడిచొచ్చా, దాహం వెయ్యదా?" అని, ఇంటివైపు తిరిగి, "ఫెలీసా! ఆ తిరునాళ్ళ బొమ్మ ఉందన్నావు, నా మిషన్ లాగే చక్రాల మీద. అది పట్రా. దానికి బోర్డుల్లేవు, నా దానిలాగే తాగుతుంది" అన్నాడు.

ఫెలీసా పరుగున వెళ్ళి తెచ్చింది, చెల్లెలి వైపు చూసి నేను చెప్పలేదా అన్నట్టు మొహం పెట్టింది. ఆయన రేకు బొమ్మని నేల మీద పెట్టించి, చక్రాలు మునిగేదాకా బీరు పోశాడు. తర్వాత నాలుగు మూలలా నేల తడిపాడు. బసీలియా లోపలికి వెళ్ళి, దుప్పటి విప్పి, అసలు మిషన్‌ని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన పిడి పట్టుకుని ఒక్క చేత్తో పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు.

"ఇంతేనా బరువు?"

"ఇంతే మాస్టారూ."

"ఎన్నేళ్ళు లాగాం మనిద్దరం" అన్నాడు. మిషన్ ఆమెకిచ్చేశాడు. "సరే, వెలిగించు. వింటా."

ముప్పై మీటర్ల వైరు తగిలించి, గొట్టం ముక్క పెట్టి, ఆమె మాస్కు దించుకుంది. మాస్కు లోపల కళ్ళు తుడుచుకునే వీలు లేదు, చెంపల మీదికి కారుతుంటే కారనిచ్చింది. అగ్గిపుల్ల గీసినట్టు గీరింది. మంట అందుకుంది. మాస్టారు టోపీ తీసి, చెవి ఇటు పెట్టి, ఊపిరి బిగబట్టి విన్నాడు. వీధిలో ఇంకెవరిదో టపాకాయల సరం పేలి ఆగింది.

"కరెంటు తక్కువైంది" అన్నాడు. "ఇంకో ఐదు పెంచు."

అరవై దగ్గరే సరిగ్గా ఉందని నాలుగు షాపులు తిరిగి, మూడు మిషన్ల మీద రాడ్లు కాల్చి చూసి ఆమె తేల్చుకుంది. "ఇదిగో రాడ్డు" అని అందరికీ ఇచ్చే జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. బసీలియా దాన్ని మింగేసి, చెయ్యి చాచి, అంకె అరవై ఐదు మీదికి తిప్పింది.